తోటికోడలికి మందు

"లింగయ్యకి ఏమైందమ్మా? డాక్టర్లు ఏమంటన్నారు?"

గోగులంకలో మేం జీపు దిగగానే ఎదురైన మొదటి ప్రశ్న ఇది. ప్రశ్నలు అడగడానికి వెళ్ళినవాళ్ళం మేము. అడిగినావిడ చేతిలో అరడజను చక్రకేళీలు ఉన్నాయి. ఆవిడ వెనక ఇంకొకావిడ బత్తాయిల సంచీ మోసుకొస్తోంది. ఆ వెనక ఒక పెద్దాయన చంకలో కొబ్బరిబోండం. అందరూ ఒకే దిక్కుకి, ఒకే దిగులుతో నడుస్తున్నారు.

నాకు ఏ లింగయ్యా తెలియదు. నా పక్కనున్న డాక్టర్ ఇందుమతికి అసలే తెలియదు. కాకినాడలోని తన ప్రయోగశాలా, అందులోని గవ్వలూ తప్ప ఆవిడకి లోకంలో ఇంకేమీ తెలియవు. ఇద్దరం ఆ జనం వెనకే నడిచాం. ఒక పెంకుటింటి వాకిట్లో నులకమంచం వేసి ఉంది. మంచం నిండా పళ్ళు. మంచం మీద ఉండాల్సిన రోగి మాత్రం పక్కనున్న కొబ్బరిచెట్టు మొవ్వులో, నలభై అడుగుల ఎత్తున ఉన్నాడు. అతను కొబ్బరి దింపు మనిషి.

"ఒరేయ్ లింగయ్యా, దిగరా! నీకు ఒంట్లో బాగోలేదంట!" అని కింద నుంచి బోండం పెద్దాయన అరిచాడు.

"ఎవరన్నారు బాబాయ్?" పైనుంచి కేక.

"మైకులో చెప్పార్రా!"

మైకులో చెప్పింది నేను. నా గొంతు రికార్డు చేసి పొద్దుటి నుంచి ఆటోలో తిప్పుతున్నారు. "లైంగిక ఆరోగ్య పరీక్ష! ఆడవాళ్ళందరూ తప్పకుండా రావాలి!" అన్నాను నేను. గోదావరి గాలి సగం మింగింది, ఆటో ఇంజను పావు మింగింది, మిగిలిన పావు ఊరికి చేరింది: "లింగయ్య ఆరోగ్య పరీక్ష! ఆడవాళ్ళందరూ తప్పకుండా రావాలి!" లింగయ్య ఆరోగ్యానికీ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఏమిటి సంబంధమని ఒక్కరికైనా అనుమానం రాలేదు. అది ఆ ఊరి మంచితనం. పళ్ళు కొనుక్కుని బయల్దేరారు.

నేను నోరు తెరిచాను. నా నోరు తెరుచుకోవడం మామూలు సంగతి కాదు. పాతికేళ్ళు రేడియోకి హాస్య నాటికలు రాసి, నేనే చదివినదాన్ని. "మా త్రిపురసుందరి మైకు లేకుండా మాట్లాడితే మైకులో మాట్లాడినట్టుంటుంది, మైకులో మాట్లాడితే తుఫాను హెచ్చరికలా ఉంటుంది" అంటారు మావారు. ఊరందరికీ ఒక్క కేకలో అసలు మాట వివరించేద్దామని ఊపిరి పీల్చాను. ఎవరో నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లారు.

ఆ ఊరి ఆశా కార్యకర్త మంగతాయారు.

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను. చెప్పకండి. ఆ మాట అర్థమైందంటే ఒక్క ఆడమనిషి గుమ్మం దాటదు. లింగయ్యని చూడ్డానికంటే ఏ అత్తగారూ కాదనదు. మన అంగన్వాడీ గది లింగయ్య ఇంటి పక్కనే. పలకరించి అటు నుంచి అటే వచ్చేత్తారు."

"మరి లింగయ్య?"

"ఆడికేంటండీ, పళ్ళు తింటాడు."

పీల్చిన ఊపిరిని అలాగే వదిలేశాను. ఆ ఒక్క గిల్లుకి మంగతాయారుకి నేను ఎన్నిసార్లు కృతజ్ఞత చెప్పుకున్నానో లెక్కలేదు.

*

ఇంత గొంతున్న నాకు గుసగుసలు రాసే ఉద్యోగం ఎలా దొరికిందో చెప్పాలి.

ఆడవాళ్ళ దాంపత్య ఆరోగ్యం కొలవడానికి థర్మామీటర్లు పనికిరావు. కోరిక ఉందో లేదో, నొప్పి పుడుతోందో లేదో, తృప్తి ఉందో లేదో ఆ మనిషే చెప్పాలి. దాన్ని స్వీయ నివేదన అంటారు. అందుకు ఒక ప్రశ్నావళి ఉంటుంది. ఇందుమతి దగ్గరున్న ప్రశ్నావళిని ఎవరో పండితుడు తెలుగు చేశాడు. అది ప్రశ్నావళి కాదు, ప్రశ్న-ఆవలి. రెండో వాక్యానికే ఆవలింత వచ్చేది. "గడచిన నాలుగు వారములలో సంయోగ సమయమందు స్నిగ్ధత పర్యాప్తముగా నుండెనా?" అని చదివితే, ప్రయోగశాలలో గదులు తుడిచే అప్పాయమ్మ చెప్పులు విప్పి చేతులు జోడించింది. "మంత్రం పూర్తయ్యాక తీర్థం ఇత్తారా అమ్మా?" అని అడిగింది.

అప్పుడు నన్ను పిలిచారు. నేను ఆ మంత్రాలన్నిటినీ మాటల్లోకి దింపాను. "కలిసినప్పుడు ఇబ్బందిగా, పొడిగా ఉంటోందా?" "నొప్పి వల్ల ఎప్పుడైనా వద్దనుకున్నారా?" "మీకు మీరుగా కావాలని అనిపించి ఎన్నాళ్ళయింది?" నివేదనలోనే వేదన ఉంది కదా, దాన్ని పైకి తియ్యాలంటే 'ని' అనే గడప దాటించాలి, అంతే అన్నాను. ఇందుమతి నవ్వలేదు. శాస్త్రజ్ఞులు నవ్వరు, నోట్ చేసుకుంటారు.

ఆవిడ చేసిన అద్భుతం గవ్వ. అరచేతిలో పట్టేంత, నిజం గవ్వలాగే ఉంటుంది. చెవి దగ్గర పెట్టుకుని ఒక్క మాట మాట్లాడితే చాలు, మన ఈడూ యాసా పట్టుకుని, మనలాంటి ఇంకో ఆడమనిషి గొంతుతో పలుకుతుంది. గదిలో పక్కనున్నవాళ్ళకి దాని మాట వినపడదు. మనం చెప్పింది విని, అర్థం చేసుకుని, దాన్నొక అంకె చేసి, తొమ్మిది సెకన్లలో మాటల్ని చెరిపేస్తుంది. పేరు అడగదు, గొంతు దాచి ఉంచదు. ఎవరూ, ఇందుమతి కూడా, వెనక్కి వెళ్ళి వినలేరు.

ఇంకొక్క నియమం ఉంది. పాత కాగితాల సర్వేల్లో కోడలి జవాబులు అత్తగారు చెప్పేది, అత్తగారివి ఆడపడుచు చెప్పేది. అందుకని గవ్వకి గట్టిగా నేర్పాం: తన గురించి తాను చెప్పిందే లెక్క. ఇంకొకరి గురించి చెబితే 'పరోక్షం' అని పక్కన పడెయ్యాలి. ఆ నియమాన్ని పలికే వాక్యం రాసింది నేనే. "పక్కవాళ్ళ కబుర్లు మనకెందుకు?" అని ఎంతో గొప్పగా రాశాను.

ఆ రోజు అంగన్వాడీ గదిలో చాప మీద కూర్చుని ఆడవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో గవ్వ చెవిన పెట్టుకున్నారు. బయట నుంచి చూస్తే అందరూ సముద్రం వింటున్నట్టు ఉంది. కొందరు నవ్వారు. ఒకావిడ గవ్వకి ఎదురు ప్రశ్న వేసింది: "నీకు పెళ్ళయిందా?" ఎక్కువమంది నోట పైకి వినపడిన మాట ఒక్కటే: "బాగానే ఉంది." "ఆయ్, బాగానే ఉందండి." "మాకేంటి, బాగానే ఉంది."

మధ్యాహ్నం లింగయ్య భార్య వీరవేణి వచ్చింది. నలభై ఆరేళ్ళుంటాయి. పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందించి అలిసిపోయి ఉంది. గవ్వ పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. అందరికీ ఏడెనిమిది నిమిషాలు పట్టింది, ఆవిడకి అరగంట దాటింది. లేచి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం స్నానం చేసి వచ్చినట్టు తేటగా ఉంది.

గవ్వ నా చేతిలో పెట్టి, "పంపుతారు కదమ్మా?" అంది.

"ఏది?"

"అదేనండి, చెప్పాను కదా. మందు."

ఏం చెప్పిందో నాకు తెలియదు, తెలియకూడదు. అయినా నోరు ఊరుకుంటుందా? "ఎందుకు పంపం? పంపుతాం" అన్నాను. ఆవిడ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది. అంత పెద్ద దణ్ణం నాకు అంతకుముందెవరూ పెట్టలేదు.

*

వారం తర్వాత ప్రయోగశాలలో ఫలితాలు వచ్చాయి.

"త్రిపురగారూ, గోగులంకలో రెండొందల ఆరుగురు మాట్లాడారు. ముప్ఫైకి సగటు ఇరవై ఎనిమిది. ఇంత ఆరోగ్యమైన ఊరు ఏ దేశపు లెక్కల్లోనూ లేదు" అంది ఇందుమతి. చెప్పేటప్పుడే ఆవిడ గొంతులో సంతోషం కంటే అనుమానం ఎక్కువగా ఉంది.

"స్కోరు ఎక్కువుంది, కోరిక తక్కువేమో చూడండి" అన్నాను.

"పరోక్షంలో మాత్రం నూట నలభై ఉన్నాయి. పద్ధతి ప్రకారం తీసేశాం. అన్నిట్లోనూ నొప్పి, పొడిదనం, విరక్తి. పదీ పన్నెండూ మార్కులు."

"ఎవరివి?"

"తోటికోడళ్ళవి. నూట నలభైలో తొంభై ఎనిమిది తోటికోడళ్ళవే. మిగతావి పక్కింటావిడలు, ఊళ్ళో ఎవరో ఒకావిడలు."

"పాపం తోటికోడళ్ళు" అని నవ్వాను. "ఏకంగా తోటికోడళ్ళ తోటే ఉందన్నమాట అక్కడ."

ఇందుమతి నివేదిక పంపింది. నాలుగు రోజులకి పై ఆఫీసు నుంచి జవాబు: ఫలితాలు సంతోషకరం, గోగులంకలో ప్రతి మంగళవారం జరిగే లేడీ డాక్టర్ క్లినిక్ అక్కడ అవసరం లేనట్టుంది కనుక వచ్చే నెల నుంచి వేరే మండలానికి మారుస్తాం.

ఆ కాగితం చదువుతుండగానే మంగతాయారు నుంచి ఫోన్ వచ్చింది. అవతల కొబ్బరాకులు గాలికి కొట్టుకుంటున్న చప్పుడు.

"అమ్మా, ఆ మందేదో తొందరగా పంపండి. వీరవేణి నన్ను బతకనివ్వట్లేదు. రోజూ పొద్దున్నే గుమ్మంలో కూకుంటంది. 'మా తోటికోడలికి మందు వచ్చిందా, మా తోటికోడలికి మందు వచ్చిందా' అని."

"పంపుదాంలే. వాళ్ళ తోటికోడలి పేరేంటి?"



"అదేనండి నాకూ అర్థం కాట్లేదు. లింగయ్యకి అన్నదమ్ములెవరూ లేరు. ఆడొక్కడే. వీరవేణికి తోటికోడలే లేదండి."

నేను కుర్చీలో కూర్చున్నాను.

పద్దెనిమిదేళ్ళ కిందట, రెండో కాన్పు తర్వాత, విజయవాడలో ఒక డాక్టరు ఎదురుగా ఇలాంటి కుర్చీలోనే కూర్చున్నాను. నాటికల్లో వెయ్యి పాత్రలకి మాటలు రాసినదాన్ని. "మా స్నేహితురాలికండీ, కాన్పు తర్వాత నుంచి ఆయన దగ్గరికొస్తే చాలు, నొప్పికి ప్రాణం పోతోందట" అన్నాను. డాక్టరు తల ఎత్తకుండా, "ఆవిడనే రమ్మనండి" అన్నాడు. నేను ఇంటికొచ్చేశాను. ఆ స్నేహితురాలు మళ్ళీ ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. నొప్పిని ఒప్పుకోవడానికి ఒక్క అక్షరమే అడ్డం, అయినా అది దాటలేకపోయింది.

ఇన్నేళ్ళ తర్వాత అదే మాట నేనే ఒక యంత్రానికి నేర్పి పంపాను. పక్కవాళ్ళ కబుర్లు మనకెందుకు?

"ఇందుమతీ, మనం తీసేసినవి కబుర్లు కావు" అన్నాను. గుసగుసలా వచ్చింది. నా గొంతు! ఇందుమతి భయపడి మంచినీళ్ళు తెచ్చింది.

అంతా చెప్పాను. ఆవిడ తెర వంక చాలాసేపు చూసింది. ఎనిమిదేళ్ళు కష్టపడి చేసిన గవ్వ, తొమ్మిది సెకన్లలో చెరిపేయడం నేర్చుకున్న గవ్వ. "పేర్లు లేవు, గొంతులు లేవు. నూట నలభై మందీ మనకి చెప్పుకున్నది నిజమే. మనం వినలేదు. వాళ్ళు మాత్రం విన్నామనుకుని మందు కోసం ఎదురు చూస్తున్నారు" అంది. నవ్వని మనిషి ఏడిస్తే ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను.

"మళ్ళీ వెళ్ళి అడుగుదాం" అంది చివరికి.

మంగతాయారు ఫోన్‌లో తేల్చేసింది. "అడిగాను అమ్మా, నలుగురైదుగురిని. 'ఒకసారి చెప్పాంగా, మాకు బాగానే ఉంది' అంటన్నారు. ఇలాంటియి రెండుసార్లు చెప్పుకుంటారేంటండీ ఎవరైనా?"

వచ్చే నెల క్లినిక్ వెళ్ళిపోతుంది. మాకు మిగిలింది మూడు మంగళవారాలు.

*

ఈలోగా లింగయ్య ఇంట్లో ఏం జరిగిందో వీరవేణి నాకు తర్వాత చెప్పింది. ఆవిడ రాయమంటేనే రాస్తున్నాను.

లింగయ్యకి మొదటి రోజు పళ్ళు బాగున్నాయి. రెండో రోజూ వచ్చాయి, బాగున్నాయి. వారం గడిచినా "ఎలా ఉందిరా" అని అడగడం మానలేదు జనం. అతను చెట్టెక్కుతుంటే కింద నిలబడి "జాగ్రత్తరా" అనేవారు. నలభై అడుగులు గబగబా ఎక్కే మనిషి పదో అడుగు దగ్గర ఆగి తన గుండె తాను విని చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం భార్యని కూర్చోబెట్టి అడిగాడు. "నిజం చెప్పవే. నాకేదో పెద్ద జబ్బు. ఊరందరికీ తెలుసు, నాకే దాత్తన్నారు. నీక్కూడా తెలుసు. అందుకే గదా ఏడాదిన్నర నుంచి వేరే మంచం వేసుకున్నావు?"

వేరే మంచం ఎందుకు వేసుకుందో ఆవిడ ఏడాదిన్నరగా ఎవరికీ చెప్పలేదు, ఒక్క గవ్వకి తప్ప.

"నీకేం జబ్బు లేదు. ఊరుకో" అంది. అతను బత్తాయి ఒలిచి సగం ఆవిడకిచ్చాడు. ఇద్దరూ ఒక్కో తొనా తింటూ కూర్చున్నారు.

*

మూడింటిలో మొదటి మంగళవారానికి ముందు రోజు ఆటో మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళింది. మళ్ళీ నా గొంతే. ఈసారి ఏ లింగయ్యనీ ఇబ్బంది పెట్టకుండా, ఒక్కో మాటా ఇటుకలా పేర్చి చదివాను.

"తోటికోడళ్ళకి మందులు వచ్చాయి. పక్కింటావిడలకి కూడా వచ్చాయి. ఎవరి గురించి చెప్పారో వాళ్ళని తీసుకురానక్కర్లేదు. పేరు చెప్పనక్కర్లేదు. చెప్పినవాళ్ళు వచ్చి తీసుకెళ్తే చాలు."

ఇందుమతి భయపడింది. "ఇది ఏ పద్ధతిలోనూ లేదు త్రిపురగారూ."

"పద్ధతి మనం తప్పాం కదా, ఇప్పుడు పద్ధతే మన దారికొస్తుంది" అన్నాను. లోపల నాకూ భయమే. ఎవరూ రాకపోతే?

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి క్లినిక్ వరండాలో ముగ్గురున్నారు. తొమ్మిదింటికి ముప్ఫై మంది. పదింటికి వరస వేపచెట్టు దాటి రోడ్డు మీదికి వచ్చింది. క్లినిక్ డాక్టర్ నస్రీన్ కిటికీలోంచి చూసి, "రెండేళ్ళ నుంచి ప్రతి మంగళవారం ఇక్కడే కూర్చుంటున్నాను. నెలకి ఇద్దరొచ్చేవారు, తలనొప్పని" అంది.

వరసలో ఒకచోట గొడవ మొదలైంది. వెళ్ళి చూస్తే ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని బిత్తరపోయి నిలబడ్డారు.

"నువ్వెందుకొచ్చావక్కా?"

"మా తోటికోడలి కోసం. మరి నువ్వో?"

"నేనూ మా తోటికోడలి కోసమే."

వాళ్ళిద్దరే ఒకరికొకరు తోటికోడళ్ళు. ఆ ఇంటికి ఇద్దరే కోడళ్ళు. ఒక్క నిమిషం ఇద్దరి ముఖాలూ ఎర్రబడ్డాయి. తర్వాత పెద్దావిడ ఫక్కున నవ్వింది, చిన్నావిడ ఆవిడ భుజం మీద తల పెట్టి నవ్వో ఏడుపో తెలియకుండా ఊగిపోయింది. ఇద్దరూ చేతులు పట్టుకుని కలిసే లోపలికి వెళ్ళారు.

వీరవేణి వంతు వచ్చినప్పుడు నన్నూ లోపలికి రమ్మంది.

"మా తోటికోడలికండీ" అని మొదలుపెట్టింది. డాక్టర్ నస్రీన్ తల ఎత్తి, పెన్ను పక్కన పెట్టి, ఆవిడ కళ్ళల్లోకి చూస్తూ వింది. నెలసరి ఆగి రెండేళ్ళు. అప్పటి నుంచి కలిస్తే మంట, కోత. మొదట ఓర్చుకుంది. తర్వాత భయం. ఆ తర్వాత మనసే రాలేదు. ఆయన చెడ్డవాడు కాదు, ఒక్కసారైనా బలవంతం చెయ్యలేదు, అందుకే ఇంకా బాధగా ఉంది.

"ఆవిణ్ణి ఒకసారి పరీక్ష చేస్తే..." అని డాక్టరు ఆగిపోయింది. నాకు భయం వేసింది, పద్దెనిమిదేళ్ళ కిందటి మాట మళ్ళీ వినపడుతుందేమోనని.

వీరవేణి కాసేపు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఆవిడ బాగా సిగ్గరండి. ఆవిడా నేనూ ఒకటే ఒడ్డూ పొడుగూ. నన్ను చూసి ఆవిడకి చెప్పండి."

డాక్టర్ నస్రీన్ ముఖంలో నవ్వు రాలేదు. "అలాగే చేద్దాం. మంచి ఆలోచన" అని తెర లాగింది.

పావుగంట తర్వాత మందు రాసిస్తూ చెప్పింది. "మీ తోటికోడలికి ప్రమాదం ఏమీ లేదు. ఈ వయసులో ఒంట్లో తడి తగ్గిపోతుంది, లోపలి చర్మం పలచబడుతుంది. చాలామందికి అవుతుంది. ఈ పూత మందు నేను చెప్పినట్టు మూడు నెలలు వాడమనండి. ఇది ఆవిడ తప్పు కాదని చెప్పండి. ఆ మాట తప్పకుండా చెప్పండి. ఇంట్లో ఆయనకి కూడా తెలియాలి, తొందరపెట్టకూడదు."

"ఆయనకి నేను చెప్తానండి" అంది వీరవేణి. అని, కూర్చున్నచోటే ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రమే చెప్పిందట. అలవాటు చొప్పున, "మా తోటికోడలికి ఏమైందంటే" అని మొదలుపెట్టింది. ఊరంతా నమ్మినట్టు ఊరుకున్న ఆ మాటని నమ్మడానికి వీల్లేని మగాడు ప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు, ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"నాకు అన్నదమ్ములెక్కడున్నారే?" అన్నాడు లింగయ్య.

ఆవిడ తల దించుకుంది. ఆయన నెమ్మదిగా, "చాలా నొప్పేత్తాదా?" అని అడిగాడు.

"ఆ ఒక్క మాటకి ఏడాదిన్నర బరువు దిగిపోయిందమ్మా" అంది నాతో వీరవేణి. "అన్నీ చెప్పాను. అంతా విని చివరికేమన్నారో తెలుసా? 'అది సరే, మరి నా జబ్బేంటి?' అన్నారు."

*

మూడు మంగళవారాల్లో నూట ముప్ఫై ఒక్కమంది వచ్చారు. ఇందుమతి తన తప్పుని పూర్తిగా ఒప్పుకుంటూ కొత్త నివేదిక రాసింది, ఎవరి కథా చెప్పకుండా, వరస పొడవు మాత్రం చెప్పి. క్లినిక్ గోగులంకలోనే ఉండిపోయింది. గవ్వకి కొత్త పాఠం నేర్పాం. ఇప్పుడది "తోటికోడలికి" అనగానే పక్కన పడెయ్యదు. "అయ్యో పాపం, చెప్పు, ఆవిడకి ఎప్పటి నుంచి?" అంటుంది. ఆ వాక్యం కూడా నేనే రాశాను. నా జీవితంలో రాసినవాటిలో నాకు నచ్చిన వాక్యం అదే, అందులో ఒక్క చమత్కారమూ లేదు.

నాలుగో నెలలో ఊరివాళ్ళు మమ్మల్ని పిలిచారు. అంగన్వాడీ ముందు చిన్న పందిరి, కుర్చీలు, మైకు. ఆడవాళ్ళే కాదు, మగవాళ్ళూ వచ్చారు. నాకు మైకు ఇచ్చేలోపే వెనక వరసలోంచి లింగయ్య లేచాడు. మనిషి ఒళ్ళు చేశాడు. నాలుగు నెలల పళ్ళు మరి.

"అమ్మా, మీరు పెద్ద డాక్టర్లు. అందరి ముందూ అడుగుతున్నాను, దాచకుండా చెప్పండి. నాకేంటి జబ్బు?"

బోండం పెద్దాయన భుజం మీది తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. నేను మంగతాయారు వైపు చూశాను. ఆవిడ ఈసారి గిల్లలేదు. కానివ్వండన్నట్టు తల ఊపింది.

మైకు అందుకున్నాను.

"లింగయ్యగారూ, మీకు ఏ జబ్బూ లేదు, ఎప్పుడూ లేదు. తప్పంతా నా గొంతుది. ఆ రోజు ఆటోలో నేనన్నది మీ పేరు కాదు. నేనన్నది లైంగిక ఆరోగ్యం. అంటే మొగుడూ పెళ్ళాల మధ్య ఉండే ఆరోగ్యం. ఆడవాళ్ళు నొప్పుంటే నొప్పని, లేకపోతే లేదని చెప్పుకోవడానికి రమ్మన్నాను. గాలికి అది లింగయ్య ఆరోగ్యం అయింది. సరిచేద్దామనుకుంటే, మీరు అడ్డం ఉంటేనే ఆడవాళ్ళు గడప దాటుతారని ఊరుకున్నాం. నాలుగు నెలలు మిమ్మల్ని రోగిని చేసినందుకు క్షమించండి. మీ పేరు చెప్పుకుని ఈ ఊళ్ళో నూట ముప్ఫై ఒక్కమందికి మందు అందింది. మీకు ఈ ఊరు దణ్ణం పెట్టాలి, ముందు నేను పెడుతున్నాను."

మైకు పక్కన పెట్టి నిజంగానే పెట్టాను.

ముందు మంగతాయారు నవ్వింది. తర్వాత ఆ ఇద్దరు తోటికోడళ్ళు. తర్వాత పందిరి ఊగిపోయింది. "అయితే నా బోండం?" అని పెద్దాయన అరిచాడు, ఇంకా గట్టిగా నవ్వారు. మగవాళ్ళలో కొందరు నేల చూపులు చూశారు, కొందరు పక్కనున్న భార్యల వైపు చూశారు.

లింగయ్య మాత్రం నవ్వలేదు. నిలబడే ఆలోచిస్తున్నాడు. తర్వాత ఆడవాళ్ళ వరసలో కూర్చున్న వీరవేణి వైపు తిరిగాడు.

"అంటే ఈ నాలుగు నెల్లూ నేను తిన్న పళ్ళన్నీ నీయేనేంటే!"

మళ్ళీ నవ్వులు. ఈసారి అతనూ నవ్వాడు. పందిరి పక్కనున్న చెట్టు చకచకా ఎక్కి, ఎక్కడా ఆగకుండా, ఒక గెల దింపాడు. మొదటి బోండం చెక్కి, ఆడవాళ్ళ మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి భార్య చేతికిచ్చాడు. అతని గొంతు కూడా నా గొంతులాంటిదే, మైకు అక్కర్లేదు.

"ఎలా ఉందే నీకు?"

వీరవేణి బోండం రెండు చేతులతో పట్టుకుంది. చుట్టూ ఊరంతా ఉంది. ఆవిడ ఈసారి ఏ తోటికోడలినీ అడ్డం పెట్టుకోలేదు, నా వైపూ చూడలేదు.

"నాకు బాగానే ఉంది" అంది.